హుస్సేన్ బొమ్మలు కొన్నవాళ్లు ఏం చేశారు? ఒక కేస్ స్టడీ

బొమ్మలు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లాయో రికార్డు తయారు చేయడం, కొనేవాళ్లతో చిత్రకారులు రాసుకునే ఒప్పందాలు చదివి సలహా ఇవ్వడం నా వృత్తి. ఈ పనిలో తరచూ ఎదురయ్యే సందర్భం ఒకటుంది. కాస్త పేరొచ్చిన చిత్రకారుడి దగ్గరికి డబ్బున్న ఆర్ట్ కలెక్టర్ ఒకాయన వస్తాడు. నచ్చిన బొమ్మ ఒకటి కొనుక్కుని వెళ్లిపోడు. "రాబోయే మూడు నాలుగేళ్లు మీరు వేసేవన్నీ నాకే ఇవ్వండి, రేటు ఇప్పుడే మాట్లాడేసుకుందాం" అంటాడు. స్టూడియో అద్దె, రంగుల ఖర్చు, పిల్లల ఫీజులతో సతమతమవుతున్న మనిషికి ఆ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. సంతకం పెట్టే ముందు నన్ను అడిగినవాళ్ల ముందు నేను పెట్టే ఫైల్ ఎం.ఎఫ్. హుస్సేన్‌ది.

హుస్సేన్‌నే ఎంచుకోవడానికి కారణం ఆయన పేరు కాదు. ఇన్ని రకాల కలెక్టర్లు ఒక్క జీవితంలో కనిపించిన భారతీయ చిత్రకారుడు ఇంకొకరు నాకు తెలియదు. ప్రాణభయంతో యూరప్ వదిలొచ్చిన వ్యాపారి, ఢిల్లీకి ఉద్యోగం మీద వచ్చిన డాక్టర్, హైదరాబాద్ సోషలిస్టు, అమెరికా దంపతులు, వంద బొమ్మలకు ఒకేసారి బేరం కుదుర్చుకున్న వ్యాపారి, చివరికి ఒక రాజకుటుంబం. ఆయన గీత గురించి, గుర్రాల గురించి విమర్శకులు చాలా రాశారు. వివాదాల గురించి అందరూ రాశారు. నేను ఆ జీవితాన్ని కొన్నవాళ్ల వైపు నుంచి చదువుతాను. బొమ్మ ఎలా చేతికొచ్చింది, ఎక్కడ ఉంచారు, ఎవరికి చూపించారు, చివరికి ఎలా వదులుకున్నారు అని చూస్తాను. చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను. కొనేటప్పుడు ప్రతి కలెక్టరూ కళాభిమానే. బొమ్మ చేయి దాటే రోజునే అసలు సంగతి బయటపడుతుంది.

బొంబాయిలో మొదటి కొనుగోళ్లు

హుస్సేన్ 1915లో పండరీపురంలో పుట్టారు. బొంబాయి చేరి సినిమా హోర్డింగులు వేశారు. తర్వాత పిల్లల గదుల కోసం ఫర్నిచర్, చెక్క బొమ్మలు డిజైన్ చేసి ఇల్లు నడిపారు. 1947లో బాంబే ఆర్ట్ సొసైటీ ప్రదర్శనలో ఆయన బొమ్మ కనిపించింది. అదే ఏడాది సూజా, రజా, ఆరా, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో ఆయనా ఒకరయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పై రెండు. కుర్రతనం దాటిపోయింది, పెళ్లయింది, సంసారం ఉంది. ఇరవై ఐదేళ్లకే పేరు రాలేదని టెన్షన్ పడే చిత్రకారులకు ఈ ఒక్క వివరం చెబితే చాలు, కాస్త కుదుటపడతారు.

అప్పట్లో బొంబాయిలో ఇప్పటి అర్థంలో ఆర్ట్ గ్యాలరీ అంటూ లేదు. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వచ్చింది 1952లో. అంతకు ముందు ఈ గ్రూపును నిలబెట్టినవాళ్లు నాజీల కాలంలో యూరప్ వదిలి వచ్చిన ముగ్గురు. వాల్టర్ లాంగ్‌హామర్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆర్ట్ డైరెక్టర్. రూడీ వాన్ లైడెన్ పత్రికల్లో చిత్రకళ మీద రాసేవాడు. ఇమాన్యుయేల్ ష్లెసింగర్ వియన్నా నుంచి వచ్చి మందుల వ్యాపారంలో స్థిరపడ్డవాడు. వీళ్లలో బొమ్మలు కొన్న కలెక్టర్‌గా ముందు చెప్పుకోవాల్సింది ఆయన్నే.

ఈ ఏర్పాటులో నాకు నచ్చేది ఒకటుంది. తప్పొప్పులు చెప్పేవాడు ఒకడు, పత్రికలో రాసేవాడు ఒకడు, జేబులోంచి డబ్బు తీసేవాడు ఒకడు. ముగ్గురూ ఒకరికొకరు పరిచయస్తులే, అయినా ఎవరి పని వాళ్లది. ఇవాళ ఈ మూడు పనులూ ఒకే కలెక్టర్ చేస్తానంటాడు. కొంటాడు, కేటలాగ్‌కు ముందుమాట రాయిస్తాడు, వచ్చే ఏడాది ఏ రంగులు వాడాలో కూడా చెబుతాడు. అతను దూరమైన రోజున చిత్రకారుడికి మూడూ ఒకేసారి పోతాయి.

ష్లెసింగర్ తన ఇంటిని చిత్రకారులు వచ్చి కూర్చుని బొమ్మలు చూసుకునే చోటుగా మార్చాడు. కొన్న బొమ్మను తోటి చిత్రకారులకే చూపించడం మామూలు విషయంలా కనిపిస్తుంది కానీ, గ్యాలరీలు లేని ఊళ్లో అదే గ్యాలరీ. ఫ్రేములు కట్టే షాపు నడుపుతూ అందులోనే ఈ కుర్ర చిత్రకారుల పనిని పెట్టిన కెకూ గాంధీ 1963లో గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. అదే ఏడాది కాళీ పండోల్ గ్యాలరీ మొదలుపెట్టడం వెనుక హుస్సేన్ ప్రోత్సాహం ఉంది. చిత్రకారుడే పక్కనుండి అమ్మేవాణ్ని తయారు చేసుకున్న సందర్భం అన్నమాట.

సంస్థల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1955లో 'జమీన్'కు లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఆ బొమ్మ ఇప్పుడు ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. హోమీ భాభా చొరవతో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 45 అడుగుల కుడ్యచిత్రం వేశారు. ఎయిర్ ఇండియా కూడా కొన్నది. పద్మశ్రీ, పద్మభూషణ్, పద్మవిభూషణ్, 1986లో రాజ్యసభ. ఇవన్నీ బయోడేటాలో అందంగా ఉంటాయి. నా ఫైల్‌లో ఒక పేజీకి మించవు.

ఆస్పత్రి గోడ మీద పద్నాలుగు అడుగులు

అసలు విషయం 1954లో ఉంది. ఆ ఏడాది హుస్సేన్ 'గ్రామ్ యాత్ర' వేశారు. దాదాపు 14 అడుగుల పొడవు, అందులో పదమూడు దృశ్యాలు. స్వతంత్రం వచ్చిన కొత్తలో పల్లె జీవితాన్ని ఆయన ఎలా చూశారో ఆ ఒక్క కాన్వాస్‌లో పేర్చి పెట్టారు. ఇంత పొడవు బొమ్మ మామూలు ఇంట్లో పట్టదు. ఈ రోజుల్లో అయితే "సర్, దీన్ని ముక్కలుగా వేస్తే త్వరగా అమ్ముడుపోతుంది" అని సలహా ఇచ్చే డీలర్లు బోలెడుమంది.

దాన్ని కొన్నది లియోన్ ఎలియాస్ వొలోదార్‌స్కీ అనే సర్జన్. ఉక్రెయిన్‌లో పుట్టి నార్వేలో స్థిరపడ్డ మనిషి. ఛాతీ శస్త్రచికిత్సలో శిక్షణ కేంద్రం ఏర్పాటు చేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఢిల్లీ వచ్చాడు. ఆ బొమ్మ తీసుకుని వెళ్లాడు. 1964లో అది ఓస్లో యూనివర్సిటీ ఆస్పత్రికి చేరింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు బయటివాళ్లు రాని ఒక నడవాలో గోడ మీద ఉండిపోయింది.

నా నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. ఎలా చేతికొచ్చింది అంటే నేరుగా, వేసిన ఏడాదే. ఎక్కడ ఉంచారు అంటే ఆస్పత్రిలో. ఎవరికి చూపించారు అంటే దాదాపు ఎవరికీ లేదు. హుస్సేన్ జీవించి ఉన్నంత కాలం ఆయన కెరీర్‌కు ఈ బొమ్మ చేసిన మేలు శూన్యమనే చెప్పాలి. కీలకమైన ప్రదర్శనల్లో లేదు, కొత్తగా వచ్చే చిత్రకారులు దాన్ని చూడలేదు. 1950ల హుస్సేన్ గురించి మాట్లాడినప్పుడల్లా 'జమీన్' పేరే వినిపించేది, ఎందుకంటే అది కళ్లెదుట ఉంది.

నాలుగో ప్రశ్నకు జవాబు 2025 మార్చి 19న న్యూయార్క్‌లో దొరికింది. క్రిస్టీస్ వేలంలో 'గ్రామ్ యాత్ర' 1.37 కోట్ల డాలర్లకు పైగా, అంటే సుమారు 118 కోట్ల రూపాయలకు పోయింది. వేలానికి ముందు వేసిన అంచనా 25 లక్షల నుంచి 35 లక్షల డాలర్లు. ఆధునిక భారతీయ చిత్రకళలో అప్పటికి అదే అత్యధిక ధర. అంతకు ముందు రికార్డు 2023లో అమృతా షేర్‌గిల్ బొమ్మకు పలికిన 61.8 కోట్లు. వచ్చిన డబ్బు ఆ ఆస్పత్రిలో డాక్టర్ల శిక్షణకు వెళ్తుందని ప్రకటించారు. ఢిల్లీలో డాక్టర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన మనిషి కొన్న బొమ్మ ఆఖరికి ఆ పనికే పోయింది.

అంత ధర ఎందుకు పలికిందని నన్ను చాలామంది అడిగారు. బొమ్మ గొప్పదనం ఒక కారణం. మా వృత్తిలో ఉన్నవాళ్లకు కనిపించే కారణం ఇంకొకటి. డెబ్భై ఏళ్లలో అది చేరింది రెండే చోట్లకు: డాక్టర్, ఆస్పత్రి. మధ్యలో డీలర్లు లేరు, అనుమానం రావడానికి సందు లేదు. హుస్సేన్ పేరు మీద నకిలీలు విపరీతంగా తిరుగుతున్న మార్కెట్లో అలాంటి కాగితం బంగారం. హుస్సేన్ వేగంగా వేసేవారు, అడిగినవాళ్లకు గీసి ఇచ్చేసేవారు. కాబట్టి ఆయన పని చాలావరకు ఇంత శుభ్రమైన చరిత్రతో దొరకదు.

ఈ అమ్మకం నుంచి హుస్సేన్ వారసులకు వాటా వస్తుందా అని కూడా అడుగుతారు. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 53ఏ కింద పునర్విక్రయంలో వాటా అడిగే హక్కు చిత్రకారుడికీ వారసులకూ ఉంది. న్యూయార్క్‌లో జరిగిన వేలానికి అది వర్తించదు, అక్కడ అలాంటి హక్కు చట్టంలో లేదు. బొమ్మ దేశం దాటినప్పుడు దానితో పాటు కొన్ని హక్కులు కూడా ఇక్కడే ఆగిపోతాయి. ఈ సంగతి అమ్మే రోజున ఎవరికీ గుర్తుండదు.

మోతీ భవన్

తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకోగలిగిన అధ్యాయం ఇది. అయినా మనలో చాలామందికి తెలియదు. బద్రీ విశాల్ పిత్తీ హైదరాబాద్‌లో పేరున్న మార్వాడీ కుటుంబంలో పుట్టి సోషలిస్టు రాజకీయాల్లోకి వెళ్లిన మనిషి. 1949లో హైదరాబాద్ నుంచి 'కల్పన' అనే హిందీ పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక హిందీ సాహిత్యంలో ఎంత పేరు తెచ్చుకుందో, చిత్రకారులకు అంత దగ్గరైంది. హుస్సేన్ ఆ బృందంలో మనిషి. పిత్తీ ఇల్లు మోతీ భవన్ ఆయనకు హైదరాబాద్‌లో మకాం.

అక్కడే సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా హుస్సేన్‌ను కదిలించారు. సంపన్నుల డ్రాయింగ్ రూముల్లో వేలాడే బొమ్మలు ఎన్నాళ్లు వేస్తావు, ఈ దేశం వేల ఏళ్లుగా చెప్పుకుంటున్న రామాయణాన్ని బొమ్మల్లో వెయ్, అన్నది లోహియా మాటల సారం. హుస్సేన్ దీన్ని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. వాల్మీకినీ తులసీదాసునూ చదివి, పండితులను అడిగి సందేహాలు తీర్చుకుని, ఎనిమిదేళ్లలో నూట యాభై దాకా కాన్వాసులు వేశానని ఆయనే చెప్పారు. ఆ బొమ్మల్లో కొన్నింటిని ఎడ్లబండ్ల మీద హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూపించామని, అవేమిటని ఒక్కరూ అడగలేదని కూడా చెప్పారు.

వ్యాపారపరంగా చూస్తే ఇది అర్థం లేని ఏర్పాటు. మార్కెట్ కోరింది కాదు, ధర ముందే తేలింది కాదు, గడువు లేదు. అయినా నా ఫైల్‌లో ఎక్కువ గీతలు గీసుకున్న పేజీలు ఇవే. పిత్తీ ఇచ్చింది డబ్బు కంటే ముందు ఒక చోటు, వాదించే మనుషులు, తొందరపెట్టకపోవడం. హుస్సేన్ తర్వాతి కెరీర్‌కు ముడిసరుకు అక్కడ దొరికింది. 1971లో బ్రెజిల్‌లో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ చిత్రకళా ప్రదర్శన సావో పాలో బియెన్నాలెకు పికాసోతో పాటు ప్రత్యేక ఆహ్వానం వచ్చినప్పుడు ఆయన పట్టుకెళ్లింది మహాభారతం. రామాయణంతో ఏళ్ల తరబడి కూర్చోని మనిషి అంత ధైర్యంగా మహాభారతం ఎత్తుకునేవాడు కాదని నా అభిప్రాయం. దీనికి రుజువు చూపించలేను. బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే అనిపిస్తుంది, అంతే.

ఈ సంబంధంలో బలహీనత కూడా ఉంది. అంతా స్నేహం మీద నడిచింది. స్నేహం మీద నడిచిన పని కాగితం మీదికి పూర్తిగా ఎక్కదు. చిత్రకారుడూ కలెక్టరూ ఇద్దరూ లేని రోజున, ఏది కానుక, ఏది కొనుగోలు, ఏది దాచమని ఇచ్చింది అనే ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఉండరు. ఇలాంటి చిక్కులు మన ఊళ్లలో చిన్న చిత్రకారుల ఇళ్లలోనూ చూస్తుంటాను. అన్నయ్యలాంటి మనిషని నమ్మి ఇచ్చిన ఇరవై బొమ్మలు, ఆయన పోయాక కొడుకుల దృష్టిలో వాళ్ల ఆస్తి. నోటుబుక్కులో ఒక్క వాక్యం, కింద ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. స్నేహం చెడుతుందని ఎవరూ రాసుకోరు.

వూస్టర్ దంపతులు

చెస్టర్, డేవిడా హెర్విట్జ్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌కు చెందిన దంపతులు. తోలు హ్యాండ్‌బ్యాగులు, బెల్టుల వ్యాపారం. 1960ల నుంచి మన దేశానికి వస్తూ, ఆధునిక చిత్రకారుల పని కొనడం మొదలుపెట్టారు. విదేశాల్లో అప్పట్లో ఈ బొమ్మలు అడిగేవాళ్లు లేరు. కొన్న తర్వాత లాభానికి అమ్ముకునే దారి కూడా లేదు. అయినా ఏళ్ల తరబడి వేల సంఖ్యలో కొన్నారు. ఒకే చిత్రకారుడి పని వేర్వేరు కాలాల నుంచి తీసుకున్నారు. హుస్సేన్ మహాభారత చిత్రాలు పెద్ద సంఖ్యలో వాళ్ల దగ్గరికి చేరాయి. హుస్సేన్‌తో కుటుంబ స్నేహం కుదిరింది.

వాళ్లు బొమ్మలను వదులుకున్న తీరు చిత్రకారులందరూ తెలుసుకోవాలి. 1995లో, మళ్లీ 1996లో, వాళ్ల ట్రస్టు తరఫున న్యూయార్క్ సోత్‌బీస్‌లో వేలం జరిగింది. చెస్టర్ 1999లో చనిపోయాక 2000లో ఇంకోసారి. ఆధునిక భారతీయ చిత్రకళకు అంతర్జాతీయ వేలం మార్కెట్ ఊపందుకున్నది ఆ అమ్మకాల నుంచే. ఒకే సంగ్రహం, మంచి కేటలాగ్, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నారో తెలిసిన చరిత్ర. కొత్త కొనుగోలుదారులకు భయం పోయింది.

అంతటితో ఆగి ఉంటే వాళ్లను తెలివైన మదుపరులు అనేవాణ్ని. కానీ పన్నెండు వందలకు పైగా బొమ్మలు మసాచుసెట్స్‌లోనే ఉన్న సేలం ఊళ్లోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి ఇచ్చారు. ఆ మ్యూజియం భారతీయ ఆధునిక చిత్రకళకు హెర్విట్జ్ పేరుతో గ్యాలరీ పెట్టింది. 2006లో హుస్సేన్ మహాభారత చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన జరిపింది. ఆ ఏడాది గుర్తుంచుకోండి. సరిగ్గా అదే కాలంలో, హిందూ దేవతలను, భారతమాతను నగ్నంగా వేశారన్న కేసులు, బెదిరింపుల మధ్య హుస్సేన్ దేశం విడిచి ఉంటున్నారు. 2008 మేలో ఢిల్లీ హైకోర్టు ఆయన మీద కేసులు కొట్టేసింది. అయినా ఆగస్టులో ఢిల్లీలో జరిగిన ఇండియా ఆర్ట్ సమ్మిట్‌లో ఆయన బొమ్మలు పెట్టలేదు. ఇక్కడ గోడలు దొరకని రోజుల్లో అక్కడ ఒక మ్యూజియం గోడ దొరకడానికి కారణం, పాతికేళ్ల ముందు ఇద్దరు కొనుగోలుదారులు చేసిన పని.

అమ్మిన వాటి వల్ల ధర వచ్చింది, ఇచ్చేసిన వాటి వల్ల స్థానం వచ్చింది. రెండూ ఒకే సంగ్రహం నుంచి జరగడం అరుదు. అందుకే కొనడానికి వచ్చినాయన "మ్యూజియం పెడతాను" అంటే నేను పెద్దగా పట్టించుకోను. ఇప్పటికే కొన్న బొమ్మలకు నంబర్లు వేశారా, ఫొటోలు ఉన్నాయా, ఎప్పుడైనా ప్రదర్శనకు అరువిచ్చారా అని అడుగుతాను. ఈ అలవాటు లేనివాళ్లు మ్యూజియం దాకా వెళ్లడం నేను చూడలేదు.

వంద బొమ్మలు, వంద కోట్లు

2004లో ముంబైకి చెందిన ఒక వ్యాపారి హుస్సేన్‌తో వంద బొమ్మలకు వంద కోట్ల రూపాయల ఒప్పందం ప్రకటించారు. ఇరవయ్యో శతాబ్దం మీద వరస చిత్రాలు. పత్రికలన్నీ ఆ అంకెను మొదటి పేజీలో వేశాయి. భారతీయ చిత్రకారుడికి అంత మొత్తం అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు.

ఇరవై ఐదు బొమ్మలు చేతులు మారాయి. తర్వాత ఒప్పందం ముందుకు సాగలేదు. ఆ వ్యాపారి సంస్థలు జాతీయ వ్యవసాయ సహకార మార్కెటింగ్ సమాఖ్య నాఫెడ్ నుంచి తీసుకున్న అప్పు వివాదంగా మారి, ఆ ఇరవై ఐదు బొమ్మలూ బాకీ కింద పట్టుబడ్డ ఆస్తి జాబితాలోకి వెళ్లాయి. ఏళ్ల తరబడి ముంబైలో ఒక బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. 2025లో కోర్టు అనుమతితో ముంబైలో వేలం వేశారు.

అప్పు వివాదంలో న్యాయం ఎవరిదన్నది నా విషయం కాదు. నేను చూసేది బొమ్మల వైపు నుంచి. వేసినప్పుడు చిత్రకారుడి వయసు తొంభైకి దగ్గర. ఆయన చివరి పెద్ద వరసల్లో ఒకటి. అది జనం కళ్లబడకుండా ఖజానాలో ఉండగానే 2011లో ఆయన లండన్‌లో కన్నుమూశారు. గ్రామ్ యాత్ర కూడా కనిపించకుండా ఉన్నదే కదా అనొచ్చు. తేడా ఉంది. అది గోడ మీద ఉంది, ఎవరికీ బాకీ లేదు. ఇవి బీరువాలో తాకట్టు నగల్లా ఉన్నాయి.

టోకు బేరంలో ఉన్న ఇంకో చిక్కు అంకెలోనే ఉంటుంది. ఒక్కో బొమ్మకు ఒకే ధర అనేసరికి, మంచి బొమ్మకూ మామూలు బొమ్మకూ తేడా లేదని చిత్రకారుడే ఒప్పుకున్నట్టవుతుంది. మరుసటి రోజు నుంచి బయట అడిగేవాళ్లందరూ ఆ సగటు ధరనే పట్టుకుంటారు. గ్యాలరీవాళ్లకు ఇది బాగా తెలుసు, అందుకే టోకు ఒప్పందం వార్త బయటికి వస్తే గొణుక్కుంటారు.

చివరి పోషకులు

2008లో లండన్‌లో ఉక్కు వ్యాపారి లక్ష్మీ మిట్టల్ భార్య ఉషా మిట్టల్ భారతీయ నాగరికత మీద వరస చిత్రాలు వేయమన్నారు. మూడేసి పలకలుగా ఉండే చిత్రాలు ఎనిమిదే పూర్తయ్యాయి. 2014లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. ఖతార్ రాజకుటుంబానికి చెందిన షేఖా మోజా అరబ్ నాగరికత మీద 99 చిత్రాల వరస వేయించుకోవాలనుకున్నారు. 2010లో హుస్సేన్ ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు. ఆ వరస కూడా పూర్తి కాలేదు. 2025 నవంబర్‌లో దోహా ఎడ్యుకేషన్ సిటీలో హుస్సేన్ పేరు మీద మ్యూజియం తెరిచారు. దానికి రూపం ఆయన గీసిన స్కెచ్ నుంచే తీసుకున్నారు.

తొంభై దాటిన వయసులో ఒకేసారి ఇన్ని పెద్ద వరసలు ఒప్పుకోవడం హుస్సేన్‌కే చెల్లింది. ఈ రెండు సందర్భాల్లోనూ పని ఆగిపోయినా బొమ్మలు వెలుగులోనే ఉన్నాయి. కారణం పోషకుల మంచితనం ఒక్కటే కాదు. పని మొదలైనప్పుడే ఎక్కడ చూపించాలన్న ఆలోచన ఉంది.

వేయించుకునే పనిలో మన చట్టం గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఎవరో అడిగితే వేసిన పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ అడిగినవాళ్లదే. తన ఇష్టంతో వేసి తర్వాత అమ్మిన బొమ్మకు మాత్రం కాపీరైట్ చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. ఈ తేడా తెలియక తన బొమ్మను తన కేలండర్‌లోనే వేసుకోవడానికి అనుమతి అడగాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. సెక్షన్ 53ఏ వాటా హక్కు కూడా మొదటి కాపీరైట్ యజమాని అయిన చిత్రకారుడికే. అది పది వేల రూపాయలు దాటిన పునర్విక్రయానికి, పది శాతం మించకుండా ఉంటుంది. అంటే "నా కోసం వేసిపెట్టండి" అనే మాటకు తలూపితే, కాగితం లేనప్పుడు రెండు హక్కులూ జారిపోతాయి.

ఒప్పందంలోకి ఏం రాస్తాను

టోకు ప్రతిపాదనతో వచ్చిన చిత్రకారులకు వద్దని చెప్పను. ఇంటి ఖర్చులు గడవాలి. పైన చెప్పిన వాటి నుంచి కొన్ని షరతులు రాయిస్తాను. ఈ బొమ్మలు చిత్రకారుడు తన ఇష్టం మేరకు వేసినవి, కాపీరైట్ ఆయనదే అన్నది మొదటి వాక్యం. ఒక్కో బొమ్మకు విడివిడిగా ధర, పరిమాణం, ఫొటో, తేదీ. రెండేళ్లకోసారి ప్రదర్శనకు అరువివ్వడం, రవాణా ఇన్సూరెన్స్ అడిగినవాళ్లది. అమ్మదలిస్తే ముందు చిత్రకారుడికి చెప్పడం. బొమ్మను కోయకూడదు, పాడు చేయకూడదు అన్నది చట్టంలో సెక్షన్ 57 కింద ఎలాగూ ఉంది. ప్రభుత్వం తొలగించి పాడుచేసిన ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలతో పాటు 5 లక్షల పరిహారం ఇప్పించింది. అయినా కాగితం మీద ఒక మాట ఉంటే గోడ పగలగొట్టే మేస్త్రీ దాకా కబురు చేరుతుంది. సెహగల్ కేసు గెలవడానికి పదేళ్లకు పైగా పట్టిందని కలెక్టర్లకూ చెబుతాను, చిత్రకారులకూ చెబుతాను.

వీటిలో చాలావాటికి కలెక్టర్లు సులువుగానే ఒప్పుకుంటారు. అరువు షరతు కొందరికి ఇష్టం కూడా, ప్రదర్శనలో తమ పేరు కింద రాస్తారు కదా. పేచీ వచ్చేది తాకట్టు దగ్గర. బొమ్మలను అప్పుకు హామీగా పెట్టకూడదు అని రాస్తే, నా డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద నీ పెత్తనం ఏంటి అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అప్పుడు నిషేధం తీసేసి, తాకట్టు పెడితే నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, ఫొటో తీసుకునే హక్కు, ప్రదర్శనకు అడిగే హక్కు అప్పిచ్చినవాళ్లకూ తెలిసేలా ఈ కాగితం వాళ్లకు చూపించాలి అని మారుస్తాను. ఎక్కువమంది ఇక్కడ సంతకం పెడతారు. దానికీ ఒప్పుకోనివాళ్లతో బేరం వదులుకోమనను. ఏడాది పనిలో సగానికి మించి ఇవ్వొద్దని, మిగతా సగం గ్యాలరీకో వేర్వేరు ఇళ్లకో వెళ్లేలా చూసుకోమని చిత్రకారుడికి చెబుతాను.